అడవిలో భయం ఎవరిది?

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానక రసాన్ని వివరిస్తూ దాని విభావాలను వరుసగా పేర్కొన్నాడు. వికృత ధ్వనులు, భూతదర్శనం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహం, అరణ్యం - ఇవన్నీ ఆ వరుసలో ఉన్నాయి. సుమారు రెండువేల ఏళ్ళనాటిదని పెద్దలు చెప్పే ఈ పట్టికను నేటి భయానక చిత్ర దర్శకుని ముందు ఉంచితే, అతడు కొత్తగా చేర్చవలసినది పెద్దగా కనిపించదు. పొగమంచు, మూలుగు, విరిగిన కొమ్మ చప్పుడు అన్నీ అందులోనివే. అయితే అక్కడ ఒక చిన్న మాటను మనం సాధారణంగా గమనించకుండా దాటిపోతాము. భరతుడు అరణ్యం అని ఊరుకోలేదు. శూన్యాగారానికో అరణ్యానికో పోవడం, అంటే ‘గమనం’ అన్నాడు. భయం అడవిలో లేదు, అడవికి వెళ్ళడంలో ఉంది. వెళ్ళేవాడు ఎక్కడినుంచో బయలుదేరి ఉండాలి. అక్కడే పుట్టి, అక్కడే ఇప్పపూవు ఏరుకుని, అక్కడే మట్టిలో కలిసేవానికి ‘అరణ్యగమనం’ అనే విభావమే వర్తించదు.

ఈ చిన్న భేదంలో ఒక నైతిక సమస్య ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం. ఒకరి నివాసాన్ని మరొకరి భయానికి రంగస్థలం చేయవచ్చునా? చేస్తే, ఆ నివాసంలో ఉన్నవారికి కళ ఏమైనా బాకీ పడుతుందా? దీనిని గాలిలో చర్చించడం కంటే ఒక నిజమైన అడవిని ఎదుట ఉంచుకొని చర్చించడం మేలు. తెలుగువారికి పొరుగుననే ఉన్నదీ, చరిత్రలో మనతో ముడిపడినదీ అయిన బస్తరు అడవిని ఇందుకు తీసుకుంటున్నాను.

మన చలనచిత్రాలలో అడవి చాలాకాలం పేరులేని అడవి. బి. విఠలాచార్య జానపద చిత్రాలలో, 1978 నాటి ‘జగన్మోహిని’ వంటి వాటిలో, మాంత్రికులూ దయ్యాలూ సంచరించే ప్రపంచం ఏ జిల్లాకు చెందినదో ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరమూ కలగలేదు. అట్ట చెట్లకూ రంగు పొగకూ ఊరూ పేరూ ఉండవు. ఆ భయం పిల్లలు దుప్పటి ముసుగులో వినే కథలోని భయం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. తర్వాత కెమేరా స్టూడియో దాటి నిజమైన చెట్ల మధ్యకు వెళ్ళింది. చెట్లు నిజమైనవి కాగానే, ఆ చెట్లు ఎవరివి అనే ప్రశ్న కూడా నిజమైనది అయింది.

రాంగోపాల్ వర్మ 2009లో హిందీలో ‘అజ్ఞాత్’ అనే చిత్రం తీశారు. ఒక సినిమా బృందం చిత్రీకరణకోసం అడవికి వెళుతుంది, కెమేరా చెడిపోతుంది, కాలక్షేపానికి మరింత లోతుకు వెళతారు, కంటికి కనిపించనిదేదో ఒక్కొక్కరినే చంపుతుంది. చిత్రీకరణ జరిగింది శ్రీలంక అడవులలో. కథాపరంగా దీనిలో చెప్పుకోదగిన విశేషం లేదు. కాని తెలుగులో దానికి పెట్టిన పేరు నన్ను ఆలోచింపజేసింది. హిందీలో ‘అజ్ఞాత్’ అయినది తెలుగులో ‘అడవి’ అయింది. ‘తెలియనిది’ అనే మాటకు బదులు ‘అడవి’ అని ఉంచితే ప్రేక్షకుడు ఏ ఇబ్బందీ లేకుండా అర్థం చేసుకుంటాడని భావించారు. అది సరియైన అంచనాయే. పట్టణవాసికి ఆ రెండూ పర్యాయపదాలు.

బస్తరులోనూ ఇటువంటి నామకరణమే ఒకటి జరిగింది. నారాయణపూర్, బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల నడుమ సుమారు నాలుగువేల చదరపు కిలోమీటర్ల కొండల సముదాయాన్ని అబూఝ్‌మాడ్ అంటారు. మాడ్ అంటే కొండసీమ. అబూఝ్ అంటే తెలియనిది, అంతుపట్టనిది. ఎవరికి తెలియనిది? ఆ కొండలలో నివసించే మాడియాలకు ప్రతి వాగూ తెలుసు, ప్రతి జీలుగు చెట్టూ ఎవరిదో తెలుసు, ఏ గట్టుమీద ఏ వేలుపు ఉన్నదో తెలుసు. వారు తమను తాము కోయ్‌తోర్ అని పిలుచుకుంటారు. మనుష్యులు అని దాని అర్థం. మన కోయల పేరులోనిదీ ఆ మాటే. మనుష్యులు తమ ఇంటికి ‘తెలియనిది’ అని పేరు పెట్టుకోరు. అది బయటినుంచి వచ్చినవాడు తన అజ్ఞానాన్ని ఎదుటి కొండకు తగిలించి వెళ్ళిన పేరు. పటంలో అదే నిలిచింది, కాగితాలలో అదే నిలిచింది.

తెలుగువారు తాము మాత్రం ఆ బయటివారిలో ఒకరు కాదని అనుకోవడానికి వీలులేదు. ఓరుగల్లు 1323లో పతనమైన తర్వాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు చేరి రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశ సంప్రదాయం. దంతేశ్వరీదేవి అతని వెంట నడిచిందని ఒక కథ. వెనుదిరిగి చూడవద్దు, నా అందెల సవ్వడి వినిపించినంతకాలం నేను వెంట ఉన్నట్లేనని ఆమె చెప్పిందట. శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద ఇసుకలో అందెలు కూరుకొని సవ్వడి ఆగిపోయింది. అతడు తిరిగి చూశాడు. ఆమె అక్కడే నిలిచిపోయింది. దంతెవాడలో ఆలయం వెలసింది. కథను కొంచెం నిదానంగా చదివితే, చీకటి అడవిలో వెనుకనుంచి అడుగుల చప్పుడు రావడం, అది హఠాత్తుగా ఆగడం, మనిషి వెనుదిరగడం - భయానక చిత్రానికి కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉంది. కాని ఇక్కడ చప్పుడు వినిపించినంతసేపు ధైర్యం, ఆగినప్పుడు బెంగ. వెనుకనున్నది ప్రాణం తీసేది కాదు, కాపాడేది. ఒకే ధ్వనిని వెనుక ఎవరున్నారన్న నమ్మకాన్ని బట్టి మనిషి రెండు విధాలుగా వింటాడు.

ఈ అడవికి ఇంకా పాత పేరు దండకారణ్యం. వాల్మీకి అరణ్యకాండ అంతా ఒక విధంగా చూస్తే భయానక కథయే. విరాధుడు, శూర్పణఖ, మారీచుడు, కబంధుడు, అందరూ అక్కడివారే. కాని ఆ కాండలో తొమ్మిదవ సర్గ వద్ద కథ కాసేపు ఆగుతుంది. మునులకు రాక్షసవధ చేస్తానని మాట ఇచ్చి ముందుకు నడుస్తున్న రాముని సీత ఆపి ప్రశ్నిస్తుంది. మనకు అపకారం చేయనివారిని, వైరం లేకుండా చంపడం ధర్మమా అని ఆమె సందేహం. దానికి ఉపపత్తిగా ఒక ముని కథ చెబుతుంది. ఇంద్రుడు యోధుని వేషంలో వచ్చి ఆ ముని ఆశ్రమంలో ఒక ఖడ్గాన్ని దాచమని ఇచ్చిపోతాడు. సొమ్ము భద్రంగా ఉంచాలన్న శ్రద్ధతో ముని పండ్లకు పోయినా, దుంపలకు పోయినా ఆ ఖడ్గం చేతపట్టుకునే పోయేవాడు. మోసి మోసి, క్రమంగా అతని బుద్ధి క్రూరమైంది; తపస్సు నశించింది. ఆయుధం చేతిలో ఉండడమే చూపును మారుస్తుందని సీత భావం. రాముడు ఆమె మాటను మన్నిస్తాడు గాని అంగీకరించడు. మునులకు ఇచ్చిన మాట అడ్డు వస్తుంది. అయినప్పటికీ అడవిలోనివారు భయంకరులు అన్న భావనను ఎదుర్కొని అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను. దానిని అడిగినది రాక్షసులవల్ల అందరికంటే ఎక్కువ బాధపడబోతున్న స్త్రీ కావడం ఆ సర్గకు గల గాంభీర్యం.

ఖడ్గం స్థానంలో కెమేరాను ఉంచి చూడవచ్చు. ఇందుకు బస్తరులోనే ఒక ఉదాహరణ ఉన్నది. స్వీడన్ దేశానికి చెందిన ఆర్నే సుక్స్‌డార్ఫ్, అప్పటికే ఒక లఘుచిత్రానికి ఆస్కార్ పొందిన దర్శకుడు, 1950ల మధ్యలో నారాయణపూర్ ప్రాంతానికి వచ్చి, మురియాల నడుమ ఉండి ‘ఎన్ ద్యుంగెల్‌సాగా’ అనే చిత్రం తీశాడు. 1957లో విడుదలైన ఆ చిత్రానికి సంగీతం పండిట్ రవిశంకర్. 1958లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు. అందులో పాత్రధారులు నటులు కారు, ఊరివారే. గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రు అనే పదేళ్ళ బాలుడు పులిపిల్లతో ఆడుకునే దృశ్యాలు ఐరోపా అంతటా ప్రసిద్ధికెక్కాయి. ఆ బాలుని తర్వాత కొంతకాలం స్వీడన్ కూడా తీసుకువెళ్ళారు.

చిత్రంలో కథ స్థూలంగా ఇది: ఒక వేటగాడు ఆచారం మీరి పెళ్ళి చేసుకున్నాడు. ఊరిమీద చిరుతపులి దాడులు మొదలయ్యాయి. ఈ రెంటికీ సంబంధం ఉన్నదని ఊరు నమ్మింది. చివరకు ఆ వేటగాడే చిరుతను ఎదుర్కొనవలసి వచ్చింది. దీనిని భయానక చిత్రమని ఎవరూ వర్గీకరించలేదు. కాని రాత్రి, చీకటి, పొంచి ఉన్న మృగం, వేలుపుల ఆగ్రహం దాని కథకు ఊపిరి. విశేషమేమంటే ఆ భయం అడవికి వచ్చినవాని భయం కాదు, అడవిలోనివారి భయంగానే చూపబడింది. చిరుతకు ఒక కారణం ఉంది, ఆ కారణం ఊరి నీతిలో ఉంది. ఆ మేరకు సుక్స్‌డార్ఫ్ న్యాయంగా ప్రవర్తించాడనే చెప్పాలి. ఏ పేరులేని భూతాన్నీ అతడు తెచ్చి వారి అడవిలో వదలలేదు.

అయినా బాకీ తీరలేదు. చిత్రంలో పులితో ఆడిన చెంద్రు మండావి తన మిగిలిన జీవితమంతా గఢ్‌బెంగాల్‌లోనే పేదరికంలో గడిపి 2013లో మరణించాడు. ఐరోపా గ్రంథాలయాలలో అతని పేరుతో బొమ్మల పుస్తకం ఉండగా, అతని ఇంటి కప్పు కారుతూనే ఉన్నా ఎవరికీ పట్టలేదు. ఇందులో ఏ ఒక్కరినో దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అతని ముఖంలోనుంచి లోకం ఒక అడవిని చూసింది. చూసిన తర్వాత, తెర ఆరిన తర్వాత, ఆ ముఖం గల మనిషి ఏమయ్యాడన్న ప్రశ్న చిత్రపు నిడివిలోకి రాలేదు. కళ తన పని పూర్తిచేసుకుని వెళ్ళిపోయిన చోట మనుష్యులు ఇంకా ఉంటారు.

మరి అక్కడివారికి భయం లేదా? ఉన్నది. కాని దాని నిర్మాణం వేరు. డబ్ల్యు. వి. గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన బస్తరు మారియా గోండుల గ్రంథంలో, ఇంటి లోపలి గదిలో మృతులకోసం ఉంచే కుండను గురించి రాశాడు. చనిపోయిన పెద్దలు ఆ కుండలో ఉంటారు; కొత్త పంట వారికి ముందు పెట్టిగాని ఇంటివారు తినరు. మన చిత్రాలలో ఇంటిలో మృతుడు ఉన్నాడంటే కుటుంబం ఇల్లు వదిలి పారిపోతుంది. అక్కడ మృతుడు ఇంటిలో లేకపోతేనే ఇల్లు ఇల్లుగా ఉండదు. దంతెవాడ వైపు దారుల పక్కన నిలిపిన స్మారక శిలలూ, కొయ్య స్తంభాలూ ఇటువంటివే. వాటిపై అడవిదున్న కొమ్ములు ధరించి నాట్యమాడే వారితోపాటు, మృతుడు జీవించినప్పుడు ఇష్టపడ్డ వస్తువులనూ చెక్కుతారు, రంగులు వేస్తారు. చీకటిలో దారి పక్కన నిలువెత్తు శిలలు నిలబడి ఉండడం కెమేరాకు భయం గొలిపే దృశ్యం. దారిన పోయే మారియాకు అవి చుట్టాల ముఖాలు.

దీనికంటే ఆశ్చర్యకరమైనది కేశ్‌కాల్ కనుమ వద్ద భంగారాం దేవి జాతర. ప్రతి ఏటా భాద్రపద మాసంలో చుట్టుపట్ల గ్రామాల దేవతలను అక్కడికి మోసుకువస్తారు. పంటలు పాడైనా, రోగాలు ప్రబలినా, మొక్కుకున్న మాట నెరవేరకపోయినా, ఆ గ్రామ దేవతపై ఫిర్యాదు చేస్తారు. విచారణ జరుగుతుంది. తప్పు చేసినట్లు తేలిన దేవతకు శిక్ష పడుతుంది. గుడి వెనుక కొంతకాలం ఉండవలసి వస్తుంది. తిరిగి మంచి జరిగితే గౌరవంగా ఇంటికి తీసుకుపోతారు. న్యాయశాఖ అధికారులు ఈ జాతరను చూసి తమ పనితో పోల్చుకుంటే వారికి కొంత వినోదం, కొంత ఇబ్బంది కలుగుతాయి. ఇక్కడ భయపెట్టే శక్తి ఉన్నది, దానికి మొక్కుతారు, బలి ఇస్తారు; కాని ఆ శక్తి జవాబు చెప్పవలసినది. భయానక చిత్రంలోని భూతానికి లేనిదిదే. దానిని ఎవరూ బోనులో నిలబెట్టరు. దానిని చంపవచ్చు, లేదా దానిచేత చావవచ్చు. దానితో మాట్లాడే మార్గం మాత్రం ఉండదు. జవాబు చెప్పనవసరం లేని బలం - అదే అసలైన భయానకం అనిపిస్తుంది నాకు.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి బస్తరును ఒక నిర్మల ప్రపంచంగా చిత్రిస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. అడవిలోనివారిని దేవతలుగా చేయడం, వారిని భూతాలుగా చేయడం కంటే గొప్ప గౌరవమేమీ కాదు. వెరియర్ ఎల్విన్ 1943లో ప్రచురించిన గ్రంథంలో మారియాల నడుమ జరిగిన వంద హత్యలను, కోర్టు కాగితాల ఆధారంగా, ఎంతో ఓపికతో పరిశీలించాడు. చాలావాటికి కారణాలు ఏ ఊరిలోనైనా ఉండేవే: కుటుంబ తగవులు, మద్యం, అసూయ, ఆస్తి. కాని మంత్రప్రయోగం చేశారనే శంక కూడా ఆ కారణాలలో ఒకటిగా ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో అటువంటి శంకకు గురైన స్త్రీని టోనహీ అంటారు. ఆమెను కొట్టినవారు, ఊరేగించినవారు, చంపినవారు ఉన్నారు. ఎక్కువగా ఆమె వితంతువు, లేదా వృద్ధురాలు, లేదా కొంచెం భూమి ఉండి దిక్కులేనిది. ఈ దారుణాన్ని ఆపడానికి రాష్ట్ర శాసనసభ 2005లో టోనహీ ప్రతాడనా నివారణ చట్టం చేసింది. ఒకరిని టోనహీ అని పిలవడమే ఆ చట్టం కింద నేరం. చేతబడి, బాణామతి అనే మాటలతో తెలంగాణ పల్లెలలో పళ్ళు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన సంఘటనలు మనకూ ఉన్నాయి గనుక పొరుగువారిని చూసి తల ఊపే అర్హత మనకు లేదు.

ఇక్కడ చిత్రకళ తప్పించుకోలేని చోటుకు వచ్చి నిలుస్తుంది. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ తెలుగులో విజయవంతమైన చిత్రం. నిర్మాణంలో శ్రద్ధ ఉన్నది. రుద్రవనం అనే ఊరిలో, చేతబడి చేశారన్న అనుమానంతో ఒక దంపతులను ఊరివారు సజీవంగా దహనం చేయడంతో కథ మొదలవుతుంది. పన్నెండేళ్ళ తర్వాత ఊరిని మరణాలు చుట్టుముడతాయి. ప్రేక్షకుడు ఆ దహనాన్ని చూసి చలిస్తాడు, నిజమే. కాని చివరకు ఆ మరణాలకు మంత్రప్రయోగమే కారణమని కథ తేలుస్తుంది. అంటే తెరమీద చేతబడి నిజం. తెరమీద నిజమైనది బయటికి వచ్చేసరికి పూర్తిగా అబద్ధమవుతుందా? హైదరాబాదు ప్రేక్షకునికి అవుతుంది. అతనికి అది రెండున్నర గంటల ఆట. దిక్కులేని ఒక వృద్ధురాలు ఊరి చివర ఒంటరిగా నివసిస్తున్నచోట, అదే బొమ్మను చరవాణిలో చూసిన యువకునికి అవుతుందా? సినిమా చూసి ఎవరో ఎవరినో చంపారని నేను అనడం లేదు. అంత సులభంగా కార్యకారణాలు కలపడం చిత్రాలకూ అన్యాయం, హంతకులకూ అనవసరమైన ఉపకారం. శంకకు బొమ్మ కట్టి ఇవ్వడం మాత్రం చిన్న విషయం కాదు.

అమెరికాలో 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ విషయంలో ఒక తేలికపాటి పాఠం. ముగ్గురు విద్యార్థులు కెమేరాతో ఒక మంత్రగత్తె కథను వెతుకుతూ అడవిలో దారితప్పి మాయమవుతారు. చాలా తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం లోకమంతా ఆడింది. కథ జరిగే ఊరిగా మేరీలాండ్ రాష్ట్రంలోని బర్కిట్స్‌విల్ అనే చిన్న గ్రామం పేరు నిజంగానే వాడారు. మంత్రగత్తె కథ మాత్రం పూర్తిగా కల్పితం. ఆ తర్వాత ఆ గ్రామానికి గుంపులుగా కుతూహలపరులు వచ్చారు. ఊరి పేరు పలకలను పీకి పట్టుకుపోయారు. శ్వేతజాతీయులు నివసించే, పత్రికలకు చేరువైన గ్రామం కనుక వారి గోడు లోకానికి వినిపించింది. అబూఝ్‌మాడ్ గ్రామానికి ఊరి పేరు పలకే లేకపోవచ్చు.

భయం బయటినుంచి వచ్చిన సందర్భాలను బస్తరు చరిత్ర దాచిపెట్టలేదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్న బ్రిటిషు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఊళ్ళను ఖాళీ చేయించే రోజులు వచ్చినప్పుడు, అడవిబిడ్డకు మొదటిసారి తన అడవి భయంకరమైంది. పులివల్ల కాదు, కాగితంవల్ల. 1910లో మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణం ఊరినుంచి ఊరికి సాగి భూమ్‌కాల్ తిరుగుబాటు అయింది. గుండాధూర్ పేరు అక్కడ ఇప్పటికీ పాటలలో ఉన్నది.

దాదాపు వందేళ్ళ తర్వాత, 2005లో సల్వాజుడుం మొదలైన అనంతరం, బస్తరు దక్షిణ భాగాన్ని మరొక భయం ఆవరించింది. దానిపై సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు ఇచ్చింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు ఒక న్యాయపత్రానికి అరుదైన రీతిలో, జోసెఫ్ కాన్రాడ్ రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలికను గుర్తుచేసుకుంటూ మొదలవుతుంది. కాంగో అడవి లోపలికి పడవలో ప్రయాణించిన కథ అది. ఏనుగు దంతాలకోసం వెళ్ళిన ఒక నాగరికుడు అక్కడ ఏమైపోయాడో చెబుతుంది. 1979లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా దానినే వియత్నాం యుద్ధానికి మార్చి ‘అపోకలిప్స్ నౌ’ తీశాడు. చీకటి అడవిదా, వెళ్ళినవానిదా అన్న సందేహాన్ని ఆ నవలిక చివరిదాకా తేల్చదు. దానిపై 1975లో నైజీరియా రచయిత చినువా అచెబె ఒక ఉపన్యాసంలో చేసిన అభ్యంతరం మనకు ఇక్కడ చాలా అవసరం. ఒక ఐరోపా మనస్సు చెదిరిపోవడాన్ని చూపడానికి ఒక ఖండాన్ని మొత్తం వెనుక తెరగా వాడుకోవడం, ఆ ఖండంలోని మనుష్యులను మాట్లాడనివ్వకపోవడం - ఇది అతని ఆరోపణ సారాంశం. కాన్రాడ్ ఉద్దేశం మంచిదేనని ఎంత వాదించినా ఈ ఆరోపణ పూర్తిగా కొట్టివేయరాదు. ఒకవైపు మన న్యాయస్థానం ఆ నవలికను బస్తరు ప్రజల రక్షణకు వాడింది. మరొకవైపు ఆ నవలికలోనే అక్కడి ప్రజలకు గొంతు లేదు. ఈ రెండు నిజాలూ పక్కపక్కన ఉండనివ్వాలి.

ఆ సంవత్సరాలలో బస్తరు నుంచి ప్రాణభయంతో బయలుదేరినవారు ఎక్కడికి వెళ్ళారో గమనించండి. వారిలో వేలమంది రాష్ట్రపు సరిహద్దు దాటి గోదావరి తీరపు అడవులకు వచ్చారు. అప్పటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులలో గుడిసెలు వేసుకున్నారు. వారిని మనం గుత్తికోయలు అని పిలుస్తున్నాము. పోడు విషయంలో అటవీశాఖతో వారికి కలిగిన ఘర్షణలు ఈ పత్రిక చదివే అధికారులలో కొందరికి స్వయంగా తెలిసి ఉంటాయి. ఆ వివాదంలోని న్యాయాన్యాయాలు వేరే చర్చ. నేను చెప్పదలచినది ఒక్కటే: అడవిలో భయపడ్డ మనుష్యులు అడవిని వదిలి పట్టణానికి పరుగెత్తలేదు. ఇంకొక అడవిని వెతుక్కున్నారు. భయానక చిత్రంలో నాయిక పొదలు దాటి తారురోడ్డు చేరగానే, లారీ వెలుగు కనిపించగానే, ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. బస్తరు నుంచి వచ్చిన తల్లి బిడ్డను చంకనెత్తుకొని ఆ తారురోడ్డును దాటి మళ్ళీ చెట్లలోకి వెళ్ళినప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ఇంతకూ ఈ చిత్రాలు తీయరాదని అంటున్నానా? కాదు. భయానకం నవరసాలలో ఒకటి. దానిని నిషేధిస్తే మిగిలిన ఎనిమిదీ బలహీనమవుతాయి. తనకు అపాయం లేనిచోట భయాన్ని రుచి చూడడం మనిషికి అవసరం. ఆ విధంగానే మృత్యువుతో కొంత పరిచయం చేసుకుంటాడు. రసానుభవం లౌకికానుభవం కాదని అలంకారికులు చెప్పినమాట కూడా నిజమే. తెరమీద పులికి ప్రేక్షకుడు పారిపోడు. కాని ఆ సిద్ధాంతం సహృదయుని రక్షిస్తుంది, అతని మనస్సును వివరిస్తుంది. విభావంగా నిలబడినవాని గురించి అది ఏమీ చెప్పదు. నాటకంలో అరణ్యం రంగస్థలంమీది నటుని అభినయంవల్ల కల్పితమయ్యేది. నిజమైన అరణ్యాన్ని, నిజమైన ఊరిని తెచ్చి విభావంగా నిలబెట్టే సాధనం వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు. అక్కడ అలంకారశాస్త్రం మౌనంగా ఉన్నది గనుక మనమే ఆలోచించుకోవాలి.

2022లో వచ్చిన కన్నడ చిత్రం ‘కాంతార’ తుళునాడు అడవి అంచులోని భూతకోల సంప్రదాయాన్ని తీసుకుంది. అందులోని దైవపు కేక థియేటరులో వెన్ను జలదరింపజేస్తుంది. ఆ చిత్రంపై నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. స్త్రీ పాత్రను మలచిన తీరు వాటిలో ఒకటి. అయినా ఆ కేక ఎవరిని బెదిరిస్తున్నదో స్పష్టం. భూమిని కాజేయదలచినవాడు ఆ కేక విని వణుకుతాడు. ఊరివారికి అది పిలుపు. ఒకే అరుపు, రెండు విధాల వినికిడి. అన్నమదేవుని అందెల సవ్వడి వంటిదే ఇది. కెమేరాను ఊరివైపునుంచి అడవిలోకి కాక, అడవివైపునుంచి రోడ్డువైపు తిప్పినందువల్ల కలిగిన భేదం.

బస్తరు సరిహద్దులకు అవతల, అదే రాష్ట్రంలో, ఇంకొక చిత్రం వచ్చింది. సంజీవ్ బక్షీ రాసిన ‘భూలన్ కాందా’ నవల ఆధారంగా మనోజ్ వర్మ ఛత్తీస్‌గఢీ భాషలో తీసిన ‘భూలన్ ద మేజ్’. 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో, 2021లో ప్రకటించినప్పుడు, ఆ భాషలో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. భూలన్ కాందా అనేది ఒక మొక్క. అడవిలో తెలియక దానిపై అడుగుపెట్టినవాడు దారి మరచి, అక్కడక్కడే తిరుగుతూ ఉంటాడని అక్కడి నమ్మకం. భయానక చిత్రానికి ఇంతకంటే తగిన ప్రారంభం దొరకదు. చెట్లన్నీ ఒకే విధంగా కనిపిస్తాయి, వచ్చినచోటికే మళ్ళీ వస్తాడు, చీకటి పడుతుంది. కాని ఈ చిత్రం ఆ దారి పట్టలేదు. పొరపాటున ఒక మరణం జరుగుతుంది, కారకుడైన మనిషికి చిన్న పిల్లలున్నారని, అతనికి బదులు మరొకడు నేరం తనమీద వేసుకుంటాడు, ఊరంతా ఆ మాటమీద నిలబడుతుంది, కోర్టుకు అంతుపట్టదు. దారి మరచినది ఊరివారా, న్యాయవ్యవస్థా అని చిత్రం అడుగుతుంది.

ఆ మొక్కకు విరుగుడు ఉన్నదట. మంత్రం కాదు, తాయెత్తు కాదు. ఆ దారిన వచ్చిన ఇంకొక మనిషి, దారితప్పినవానిని చేయి వేసి తాకితే చాలు, అతనికి ఊరి దారి గుర్తుకువస్తుంది.